వర్తకుడి చేతిలో దారిచీటీ

ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ ముక్క. ముందువైపు మనిషి ఫొటో, పేరు, గడువు తేదీ. విశేషమంతా వెనకవైపు ఉంది. అక్కడ మూడేసి అక్షరాల సంకేతాలు వరసగా అచ్చయి ఉంటాయి. ఏయూఎస్ అంటే ఆస్ట్రేలియా, జేపీఎన్ అంటే జపాన్, కేఓఆర్ అంటే దక్షిణ కొరియా, వీఎన్‌ఎం అంటే వియత్నాం. ఏ దేశం సంకేతం కార్డు మీద ఉంటే ఆ దేశానికి విడిగా వీసా తీసుకోకుండా వెళ్లొచ్చు. సియోల్‌లోనో జకార్తాలోనో విమానం దిగాక పర్యాటకుల పొడవాటి క్యూలో నిలబడే పని లేదు. కార్డుదారుల కోసం పెట్టిన వరసలోకి వెళ్లి, పాస్‌పోర్టుతో పాటు దీన్ని చూపిస్తే సరి. దీని పేరు అపెక్ బిజినెస్ ట్రావెల్ కార్డు. పసిఫిక్ మహాసముద్రం చుట్టూ ఉన్న ప్రభుత్వాలు వ్యాపారుల కోసం పాతికేళ్లకు పైగా నడుపుతున్న ఏర్పాటు.

కార్డు కొత్తది గానీ దాని వెనకున్న బేరం చాలా పాతది. రాజ్యానికి సరుకు కావాలి, సుంకం కావాలి, కానీ పరాయి మనిషంటే అనుమానం. వర్తకుడికి లాభం కావాలి, కానీ పరాయి గడ్డ మీద కాలు పెట్టాక తన సొత్తుకూ ప్రాణానికీ పూచీ ఎవరన్న దిగులు. ఈ అనుమానానికీ ఈ దిగులుకూ మధ్య ఎప్పటికప్పుడు ఏదో ఒక చీటీ పుడుతూ వచ్చింది. ఒకప్పుడు రాతి మీద, ఒకప్పుడు బంగారు రేకు మీద, తర్వాత కాగితం మీద, ఇప్పుడు ఫోన్ తెర మీద. ఎవరికి ఇచ్చారు, ఎవరిని బయట నిలబెట్టారు, ఇచ్చిన చేత్తోనే ఎప్పుడు లాక్కున్నారు అని అడుగుతూ పోతే దాని చరిత్ర బయటపడుతుంది.

తెలుగు నేల మీద ఆ బేరానికి గట్టి సాక్ష్యం మోటుపల్లిలో ఉంది. ఇవాళ అది బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో సముద్రం దగ్గరున్న చిన్న ఊరు. పదమూడో శతాబ్దంలో కాకతీయ రాజ్యానికి పెద్ద రేవు. ఓరుగల్లు తీరానికి ఎంతో దూరం. పరదేశపు సరుకు రాజధాని చేరాలన్నా, తెలంగాణ నేతబట్ట సముద్రం దాటాలన్నా ఇలాంటి రేవు కావాలి, ఆ రేవుకు ఓడలు రావాలి. 1244లో గణపతిదేవ చక్రవర్తి అక్కడ ఒక శాసనం వేయించాడు. అభయ శాసనమని చరిత్ర పుస్తకాల్లో పేరుపడింది దానికే.

ఆ కాలంలో ఓడ వర్తకుడికి తుపానుతో గండం తీరిపోయేది కాదు. గాలివానకు దెబ్బతిన్న ఓడ ఏదో ఒక ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ ఒడ్డు ఏలుతున్న రాజు మనుషులు దిగేవాళ్లు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏముంటే అవి రాజు ఖజానాకు పోయేవి. ప్రాణాలతో బయటపడ్డవాడు వట్టి చేతులతో మిగిలేవాడు. పూర్వపు రాజులు ఇలా చేసేవారని గణపతిదేవుడు దాచకుండా శాసనంలోకి ఎక్కించాడు. తాను మాత్రం నియమించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని మాటిచ్చాడు. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని అంత పెద్ద సాహసానికి దిగినవాళ్ల మీద దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ ఈ అభయం ఇస్తున్నట్టు చెప్పుకున్నాడు. సుంకం లెక్క కూడా అక్కడే ఉంది. ఎగుమతికీ దిగుమతికీ ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు అంటూ సరుకుల పట్టీ కూడా చెక్కించాడు.

ఎనిమిది వందల ఏళ్ల కింద ఒక రాజు సుంకం రేటును రాతికెక్కించడం చిన్న విషయం కాదు. రేటు అందరి కళ్ల ముందూ ఉన్నప్పుడు రేవు అధికారి నోటికొచ్చినంత అడగలేడు. కొత్తగా వచ్చిన వర్తకుడు దుబాసీతో చదివించుకుని, తాను ఎంత కట్టాలో లెక్క వేసుకోగలడు. వ్యాపారికి రాయితీ కన్నా ముఖ్యమైనది ఇదే. ఫలానా చోట ఫలానా అంతే పోతుందన్న నమ్మకం ఉంటే అతను మిగతా సాహసమంతా చేస్తాడు. ఆ శతాబ్దం చివర్లో ఈ తీరం గురించి చెప్పిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో దీన్ని ముత్‌ఫిలి రాజ్యమన్నాడు. ఒక రాణి న్యాయంగా పాలిస్తోందనీ, ఇక్కడి వజ్రాలకూ సన్నని నేతకూ సాటి లేదనీ రాయించాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు.

కాకతీయులు పోయాక అభయం కూడా వాళ్లతోనే పోయింది. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్లీ శాసనం వేయించి, వర్తకులకు కొత్తగా హామీలు ఇవ్వాల్సి వచ్చింది. రాయి చెక్కుచెదరలేదు. దాని వెనక నిలబడ్డ మనిషి మారాడు, అంతే. ఇలాంటి చీటీలన్నిటికీ ఇది పుట్టుకతో వచ్చిన బలహీనత.

మార్కో పోలో ప్రయాణం కూడా ఒక చీటీ పుణ్యమే. మంగోల్ చక్రవర్తులు తమ దూతలకూ, తమకు కావలసిన వర్తకులకూ పైజా అనే పలక ఇచ్చేవారు. హోదాను బట్టి అది బంగారంతోనో వెండితోనో చెక్కతోనో ఉండేది. పలక చూపిస్తే దారిపొడవునా మజిలీల్లో గుర్రాలు, భోజనం, కాపలా దొరికేవి. మార్కో తండ్రి నికోలో, చిన్నాన్న మఫ్ఫియో ఇద్దరూ కుబ్లాయ్ ఖాన్ ఇచ్చిన బంగారు పలకతోనే ఆసియా దాటి వెనిస్ చేరారు. మఫ్ఫియో 1310లో రాసిన వీలునామాలో ఖాన్ ఇచ్చిన మూడు బంగారు పలకల ప్రస్తావన ఉంది.

అయితే ఆ పలక దారిలో పల్లెలకు పీడ కూడా అయింది. వర్తకులు దాన్ని అడ్డం పెట్టుకుని ప్రభుత్వ గుర్రాల మీద సొంత సరుకు మోయించేవారు, వాళ్ల తిండీ గుర్రాల దాణా స్థానికుల నెత్తిన పడేది. 1251లో గద్దెనెక్కిన మోంగ్కే ఖాన్ అంతకుముందు ఇచ్చిన పలకలను వెనక్కి రప్పించి, వర్తకులు టపా గుర్రాలు వాడకూడదని కట్టడి చేశాడు. మోటుపల్లి శాసనానికి అప్పటికి ఏడేళ్లు. ఆసియాలో ఒక చివర వ్యాపారికి రాజు భరోసా ఇస్తుంటే, ఇంకో చివర ఇచ్చిన భరోసా హద్దు దాటిందని వెనక్కి తీసుకుంటున్నారు.

హిందూ మహాసముద్రంలోకి పోర్చుగీసువాళ్లు దిగాక చీటీ స్వభావమే తలకిందులైంది. పదహారో శతాబ్దంలో వాళ్లు కర్తాజ్ అనే ఓడ పరవానాలు అమ్మడం మొదలుపెట్టారు. అది లేని ఓడ కనిపిస్తే పట్టుకుని సరుకు స్వాధీనం చేసుకునేవారు. హజ్ యాత్రికులను మోసుకెళ్లే మొగలు చక్రవర్తి ఓడలకు కూడా ఆ కాగితం తప్పలేదు. దారి ఎప్పటినుంచో ఉంది, ఓడ నడిపేవాడికి ఆ దారి తెలుసు. మధ్యలో తుపాకులతో వచ్చి నిలబడినవాడికి డబ్బు కడితే తప్ప ఆ దారిన పోనివ్వరు. చీటీ పేరుతో జరిగిన దోపిడీ ఇది. గణపతిదేవుడు ఏ పని మానేస్తానని రాతి మీద రాయించాడో, దాన్నే మూడు శతాబ్దాల తర్వాత కాగితం మీద పెట్టి అమ్ముకున్నారు.

ఆ తర్వాతి వంతు ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీది. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన ఫర్మానాను బంగారు ఫర్మానా అంటారు. ఏటా 500 వరహాలు కడితే తన రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోమని దాని సారాంశం. మచిలీపట్నంలో కంపెనీ వ్యాపారం నిలదొక్కుకోవడానికి అది ఊతమైంది. బెంగాల్‌లో కథ ఇంకా ముదిరింది. 1717లో మొగలు చక్రవర్తి ఫరూక్‌సియర్ ఇచ్చిన ఫర్మానా ప్రకారం ఏటా 3,000 రూపాయలు చెల్లిస్తే కంపెనీ సరుకుకు సుంకం ఉండదు. సరుకు వెంట కంపెనీ అధికారి సంతకం చేసిన దస్తక్ అనే చీటీ ఉంటే చౌకీలో ఆపకూడదు. కంపెనీ ఉద్యోగులు ఆ దస్తకులను తమ సొంత వ్యాపారానికి వాడుకున్నారు, తమతో కుమ్మక్కైన స్థానిక వర్తకులకు అమ్ముకున్నారు. సుంకం కట్టే బెంగాలీ వర్తకుడు కట్టని వాడితో పోటీ పడలేక చితికిపోయాడు. నవాబు మీర్ ఖాసిం మొరపెట్టుకుని విసిగిపోయి, 1763లో అసలు సుంకాలే ఎత్తేశాడు. అందరికీ ఒకటే రేటు, సున్నా. తమకున్న ప్రత్యేకత పోతుందని కంపెనీ మండిపడింది. యుద్ధం వచ్చింది, 1764 అక్టోబరులో బక్సర్ దగ్గర నవాబు పక్షం ఓడింది. వ్యాపార సౌకర్యం కోసం రాసిన ఒక కాగితం దేశం చేతులు మారడానికి దారితీసిన సందర్భం ఇంతకన్నా స్పష్టంగా మరొకటి కనిపించదు.

ఇప్పటి పాస్‌పోర్టు, వీసాల కట్టుదిట్టం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. 1914కు ముందు యూరప్‌లో చాలా సరిహద్దులు ఏ కాగితమూ లేకుండా దాటేవారు. యుద్ధం రాగానే గూఢచారుల భయంతో గేట్లు పడ్డాయి. మన దేశంలో 1917లో యుద్ధకాలపు నిబంధనలు పాస్‌పోర్టును తప్పనిసరి చేశాయి, 1920లో భారత పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో నానాజాతి సమితి పారిస్‌లో సదస్సు పెట్టి, 32 పేజీల పాస్‌పోర్టు పుస్తకానికి నమూనా ఖరారు చేసింది. పరిస్థితులు చక్కబడ్డాక ఈ ఆంక్షలు తీసేయాలన్న ఆశ అక్కడ చాలామందికి ఉండేది. పరిస్థితులు చక్కబడలేదు. తాత్కాలికమనుకున్న పుస్తకం శాశ్వతమైంది.

ఆ పుస్తకం అందరికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది తరచూ తిరిగేవాడిని. ఏడాదికి ఒకసారి విహారయాత్రకు వెళ్లే కుటుంబం ఒకసారి వీసాకు తిరుగుతుంది. మనీలా ఫ్యాక్టరీకీ సియోల్ బ్యాంకుకూ సిడ్నీ కొనుగోలుదారుకూ మధ్య నెలనెలా తిరిగే మనిషికి పాస్‌పోర్టు ఎప్పుడూ ఏదో ఒక రాయబార కార్యాలయంలోనే ఉంటుంది. ఒక చోట వీసా కోసం ఇచ్చాక ఇంకో దేశం నుంచి అత్యవసరంగా కబురొస్తే కదలలేడు. 1980ల్లో తూర్పు ఆసియా ఫ్యాక్టరీలు ఒకదానితో ఒకటి ముడిపడేకొద్దీ ఈ బాధ పెరిగింది.

ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార కూటమి, అంటే అపెక్, పుట్టింది ఆ వాతావరణంలోనే. 1989 జనవరిలో ఆస్ట్రేలియా ప్రధాని బాబ్ హాక్ సియోల్‌లో ప్రతిపాదన పెట్టారు. నవంబరులో కాన్‌బెరాలో 12 సభ్యులతో తొలి సమావేశం జరిగింది. 1991లో చైనా, హాంకాంగ్, తైవాన్ ఒకేసారి చేరాయి. 1994లో ఇండొనేసియాలోని బోగోర్‌లో నాయకులు పెద్ద లక్ష్యం ప్రకటించారు: సంపన్న సభ్యులు 2010 నాటికి, మిగిలినవాళ్లు 2020 నాటికి వాణిజ్యానికీ పెట్టుబడులకూ తలుపులు తెరవాలి. మరుసటి ఏడాది ఒసాకాలో రాసుకున్న కార్యాచరణలో సరుకుతో పాటు వ్యాపారుల రాకపోకలు కూడా ఒక అంశమయ్యాయి. అదే 1995లో నాయకులు వ్యాపార సలహా మండలిని ఏర్పాటు చేశారు. ఒక్కో సభ్యుడి తరఫున ముగ్గురు దాకా వ్యాపారవేత్తలు అందులో కూర్చుంటారు. సుంకాల తగ్గింపు ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. అంతకన్నా త్వరగా అయ్యే పని ఒకటుందని వ్యాపారులు నాయకుల చెవిన వేశారు: ముందు మమ్మల్ని తిరగనివ్వండి.

1997 మేలో ప్రయోగం మొదలైంది. ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ మూడే దేశాలు. సమయం మాత్రం కలిసిరాలేదు. జులై 2న థాయ్ బాట్ కుప్పకూలింది, నెలల్లోనే ఆ సంక్షోభం కొరియాను ఐఎంఎఫ్ గుమ్మం ఎక్కించింది. ఫిలిప్పీన్స్ పెసో కూడా పడిపోయింది. మూడింటిలో రెండు దేశాలు మునిగిపోతున్న వేళ వ్యాపారుల కార్డును ఎవరు పట్టించుకుంటారు? అయినా ప్రయోగం ఆగలేదు, 1999లో శాశ్వత పథకమైంది. పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుందా అని ఎదురుచూస్తున్న దేశాలకు, పెట్టుబడి పెట్టేవాడిని గేటు దగ్గర నిలబెట్టకపోవడం ఖర్చు లేని ఉపాయంగా కనిపించి ఉండాలి. తర్వాత ఒక్కొక్కరూ చేరుతూ వచ్చారు. రష్యా పూర్తిస్థాయిలో చేరేసరికి 2013 వచ్చింది. ఇప్పుడు 21 మంది సభ్యుల్లో 19 మంది పూర్తిగా ఉన్నారు.

ఈ కార్డు పనిచేసే తీరులో మెచ్చుకోవలసిన ఆలోచన ఉంది. దరఖాస్తు సొంత ప్రభుత్వానికే పెట్టుకోవాలి. ఆ ప్రభుత్వం నేర చరిత్ర ఉందా, నిజంగా సరిహద్దులు దాటే వ్యాపారమేనా అని చూస్తుంది. తనకు నమ్మకం కుదిరితే వివరాలను ఆస్ట్రేలియా నిర్వహించే కంప్యూటర్ వ్యవస్థ ద్వారా మిగతా వాళ్లందరికీ పంపిస్తుంది. ప్రతి ప్రభుత్వం ఎవరి జాబితాలు వాళ్లు తిరగేసి సరేననో కుదరదనో అంటుంది. కుదరదంటే ఆ సంకేతం కార్డు మీదికి రాదు, మిగతావి వస్తాయి. అందరూ జవాబు చెప్పేదాకా నెలలు పట్టొచ్చు గనుక, అప్పటికి ఒప్పుకున్న దేశాలతో తాత్కాలిక కార్డు తీసుకునే వీలుంది. అంటే ఎవరి అధికారాన్నీ ఎవరూ వదులుకోలేదు. పది రాయబార కార్యాలయాలకు పది దరఖాస్తులు పెట్టే పని ఒక్క దరఖాస్తుతో తీరుతుంది, అదీ ప్రయాణానికి ఎంతో ముందుగా. ఒకసారి వెళ్తే సాధారణంగా 60 నుంచి 90 రోజుల దాకా ఉండొచ్చు. అక్కడ జీతానికి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. మొదట్లో గడువు మూడేళ్లు, 2015 సెప్టెంబరు నుంచి ఐదేళ్లు చేశారు. కార్డుదారులకు ప్రయాణ లాంఛనాల ఖర్చు ఏడాదిలో 38 శాతం తగ్గినట్టు అపెక్ సొంత అధ్యయనమే 2011లో లెక్క తేల్చింది.

ఎవరికి ఇవ్వరో కూడా నిబంధనల్లో రాసి ఉంది. కార్డుదారు భార్యాపిల్లలకు రాదు, వాళ్లకు విడిగా అర్హత ఉంటే తప్ప. వృత్తి క్రీడాకారులకు రాదు. విలేకరులకు రాదు. గాయకులు, సంగీతకారులు, నటులు, చిత్రకారులు, వీళ్లెవరికీ రాదు. వీళ్లు కూడా పని మీదే దేశాలు తిరుగుతారు, కొందరు వ్యాపారుల కన్నా ఎక్కువే తిరుగుతారు. సరుకు కొనేవాడిని లోపలికి రమ్మనే ప్రభుత్వం, అదే సౌకర్యం విలేకరికి ఇవ్వడానికి వెనకాడుతుంది. ఆ వెనకాడడంలో రాజ్యం మనసు తెలుస్తుంది.

అమెరికా తీరు ఇంకోలా ఉంది. కార్డు పథకంలో అమెరికా, కెనడా సగమే చేరాయి. తమ పౌరులకు కార్డులిస్తాయి, వచ్చిన కార్డుదారులకు విమానాశ్రయంలో వేగంగా కదిలే వరసనిస్తాయి, వీసా మాత్రం మాఫీ చేయవు. బరాక్ ఒబామా హోనోలులులో అపెక్ శిఖరాగ్ర సభ జరుగుతుండగా 2011 నవంబరు 12న కార్డుల చట్టం మీద సంతకం చేశారు, 2014 జూన్‌లో అమెరికా కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. 2017లో దాన్ని శాశ్వతం చేశారు. తన గేటును వీసా లేకుండా తెరవడం అమెరికాకు ఇష్టం లేదు, అందుకే అది ఇచ్చిన కార్డు పట్టుకున్నవాళ్లకు కూడా మిగతా దేశాల్లో వేగంగా కదిలే వరస తప్ప వీసా మాఫీ దక్కదు.

పథకం అసలు పరీక్ష 2020లో ఎదురైంది. కరోనా మొదలైన నెలల్లో దేశాలు ఒక్కొక్కటే తలుపులు వేసుకున్నాయి. మార్చి 28 నుంచి విదేశీయుల రాకను నిలిపేస్తూ చైనా ఇచ్చిన ప్రకటనలో అపెక్ కార్డుదారులకు కూడా ప్రవేశం లేదని ప్రత్యేకంగా రాశారు. ఐదేళ్ల గడువుతో అచ్చయిన కార్డులు వ్యాపారుల జేబుల్లోనే ఉండిపోయాయి. ఆ కార్డు మీద చైనా గేటు మళ్లీ తెరుచుకునేసరికి 2022 ఆగస్టు వచ్చింది. విచిత్రంగా, కార్డు ఫోన్‌లోకి మారింది ఈ మధ్యకాలంలోనే. 2021 మార్చి 1న వర్చువల్ కార్డు మొదలైంది. కొత్తగా ఏ దేశమైనా అనుమతిస్తే ప్లాస్టిక్ కార్డు మళ్లీ అచ్చు వేయించుకోనక్కర్లేదు, తెర మీది జాబితాలో ఆ పేరు చేరుతుంది. చేర్చినంత తేలిగ్గానే తొలగించనూ వచ్చు.

ఈ కథలో భారత్ గేటు బయటే ఉంది. 1991లోనే మన ప్రభుత్వం అపెక్ సభ్యత్వం అడిగింది. 1997లో కూటమి కొత్తవాళ్లను పదేళ్లపాటు చేర్చుకోబోమని తీర్మానించింది, ఆ తర్వాత కూడా తలుపు తీయలేదు. 2015 జనవరిలో ఢిల్లీ వచ్చిన ఒబామా భారత్ ఆసక్తిని స్వాగతిస్తున్నామన్నారు, అక్కడితో ఆగింది. అందువల్ల సింగపూర్ పౌరసత్వం తీసుకున్న తెలుగు వ్యాపారికి ఈ కార్డుకు అర్హత ఉంటుంది. అదే కంపెనీని హైదరాబాద్‌లో చూసుకునే అతని తమ్ముడు మాత్రం వియత్నాంకో వీసా, ఆస్ట్రేలియాకో వీసా అంటూ విడివిడిగా తిరగాల్సిందే. చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కొన్ని పక్కదారులు దొరికాయి. అమెరికా తన గ్లోబల్ ఎంట్రీ పథకాన్ని 2017 జులైలో భారతీయులకు తెరిచింది, అందులో చేరిన తొలి భారతీయుడు టీవీఎస్ మోటార్ అప్పటి అధినేత వేణు శ్రీనివాసన్. అది కూడా వీసా బదులు కాదు. వీసా ఉన్నవాడు దిగాక క్యూ తప్పించుకునే వీలు మాత్రమే.

దక్షిణాసియాకు సొంత ప్రయత్నం ఒకటుంది. సార్క్ నాయకులు 1988లో ఇస్లామాబాద్‌లో అనుకుని 1992లో మొదలుపెట్టిన వీసా మినహాయింపు పథకం. ఇది కార్డు కాదు, పాస్‌పోర్టులో అంటించే స్టిక్కర్. 24 రకాల వ్యక్తులకు ఇస్తారు. న్యాయమూర్తులు, పార్లమెంటు సభ్యులు, పెద్ద అధికారులతో పాటు వ్యాపారులు ఉన్నారు, అపెక్ బయట పెట్టిన విలేకరులూ క్రీడాకారులూ ఉన్నారు. ఆ జాబితా తయారుచేసినవాళ్ల ఊహ విశాలమైనది. మనుషులు కలుస్తుంటే సరుకు దానంతటదే కదులుతుందన్న నమ్మకం అందులో కనిపిస్తుంది. కానీ భారత్, పాకిస్థాన్ మధ్య ఆ నమ్మకం ఎన్నడూ వేళ్లూనలేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో పర్యాటకులను కాల్చి చంపిన మర్నాడే, ఈ పథకం కింద పాకిస్థానీయులకు ఇచ్చిన వీసాలన్నీ రద్దు చేస్తున్నామని భారత్ ప్రకటించింది. ఆ స్టిక్కర్‌తో దేశంలో ఉన్నవాళ్లు వెళ్లిపోవడానికి 48 గంటల గడువిచ్చింది.

మనిషిని ముందే పరిశీలించి గేటు తెరిచే ధోరణి హైదరాబాద్‌కు 2025 జనవరి 16న చేరింది. నమ్మకస్తులైన ప్రయాణికుల కోసం కేంద్రం 2024 జూన్‌లో ఢిల్లీలో ప్రారంభించిన వేగవంతమైన ఇమిగ్రేషన్ పథకాన్ని ఆ రోజు మరో ఏడు విమానాశ్రయాలకు విస్తరించారు, శంషాబాద్ వాటిలో ఒకటి. భారత పౌరులూ ఓసీఐ కార్డుదారులూ ముందుగా ఆన్‌లైన్‌లో నమోదై, వేలిముద్రలూ ముఖచిత్రమూ ఇచ్చి, పరిశీలన పూర్తయితే, ఆ తర్వాత అధికారి కౌంటర్ బదులు ఎలక్ట్రానిక్ గేట్లు వాడుకోవచ్చు. అపెక్ ఆలోచనకు ఇది దగ్గర చుట్టం. మనిషిని ప్రయాణానికి ముందే ఒకసారి నిదానంగా పరిశీలించి, ఆ నమ్మకాన్ని కొన్నేళ్లపాటు వాడుకోవడం.

అదే శంషాబాద్ నుంచి ఏళ్ల తరబడి వేల సంఖ్యలో బయల్దేరేవాళ్లు జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయే కార్మికులు. వాళ్లకు ఇంకో చీటీ ఉంది. 1983 నాటి వలసల చట్టం కింద, పదో తరగతి పాసవని కార్మికుడి పాస్‌పోర్టుకు ఈసీఆర్, అంటే వలస తనిఖీ తప్పనిసరి అనే హోదా ఉంటుంది. పద్దెనిమిది దేశాల్లో ఎక్కడికి ఉద్యోగానికి వెళ్లాలన్నా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఆ పద్దెనిమిదిలో ఆరు గల్ఫ్ రాజ్యాలతో పాటు మలేసియా, థాయిలాండ్, ఇండొనేసియా ఉన్నాయి. ఈ మూడూ అపెక్ సభ్యులే, వ్యాపారుల కార్డుకు గేటు తెరిచేవే. ఈసీఆర్ వెనకున్న ఉద్దేశం మంచిదే. ఏజెంటు మోసం చేయకుండా, అక్కడి యజమాని ఒప్పందం తప్పకుండా కాపాడటానికి పెట్టిన తనిఖీ. అయితే వ్యాపారికి కట్టిన వ్యవస్థతో పోల్చి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వ్యాపారి గురించి ప్రభుత్వాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, ఒక దరఖాస్తుతో ఐదేళ్ల పూచీ ఇస్తాయి. ఈసీఆర్ హోదా ఉన్నంతకాలం కార్మికుడికి ప్రతి కొత్త ఉద్యోగానికీ కొత్త అనుమతి కావాలి. రెండేళ్లు దుబాయ్‌లో ఏ మచ్చా లేకుండా పనిచేసి వచ్చిన తాపీమేస్త్రీ కూడా, పదో తరగతి దాటకపోతే, కువైట్‌లో కొత్త కొలువు దొరికినప్పుడు ఆ కాగితాలన్నీ మళ్లీ మొదటినుంచీ నడిపించుకోవాలి.

ఒకే దరఖాస్తును పలు ప్రభుత్వాలు పంచుకుని చూడగలవని అపెక్ కార్డు నిరూపించి పాతికేళ్లు దాటింది. పంపే దేశం పూచీ తీసుకుంటే, పిలిచే దేశం తన జాబితా తిరగేసి ముందే జవాబు చెప్పొచ్చు. దీనికి కావలసిన యంత్రాంగం ఉంది, అనుభవం ఉంది. మన వలస అనుమతుల వ్యవహారం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లోకి ఎక్కాక కార్మికుడి ఒప్పందం, యజమాని వివరాలు, పాత ప్రయాణాలు ప్రభుత్వం దగ్గర కంప్యూటర్‌లోనే ఉన్నాయి. గల్ఫ్ రాజ్యాలతో కూర్చుని, పాత అనుభవమున్న కార్మికుడికి నాలుగైదేళ్లు చెల్లే అలాంటి కార్డు ఒకటి ఇచ్చే ఒప్పందం మీద ఢిల్లీ ఇంకా గట్టిగా పట్టుబట్టాల్సి ఉంది. పట్టుబట్టమని అడగాల్సిన బాధ్యత ముందుగా హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలది, ఎందుకంటే శంషాబాద్‌లో గల్ఫ్ విమానాలు ఎక్కే కార్మికుల్లో పెద్ద వంతు ఈ రెండు రాష్ట్రాలవాళ్లే.